హేగ్‌లో డిక్రీ వస్తే ఈపీ ఎక్కడ వేయాలి? అంతర్జాతీయ చట్టంపై చెన్నై తెలుగువాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

చెన్నైలో నలుగురు తెలుగువాళ్లు చేరితే ఇదివరకు సినిమాలు, సైట్ల రేట్లు మాట్లాడుకునేవాళ్లు. ఇప్పుడు కచ్చతీవు, సింధు జలాలు, గాజా కూడా మాట్లాడుతున్నారు. నేను పారీస్ కార్నర్ దగ్గర సివిల్, షిప్పింగ్ కేసులు చూసుకునే లాయర్ని కాబట్టి ఆ చర్చ చివరికి నా మీదికి వస్తుంది. అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇక్కడ రాసి పెడుతున్నాను. టీవీ డిబేట్లలో చెప్పేదానికీ ఇక్కడున్నదానికీ తేడా కనిపిస్తే, ఒప్పందం కాగితం తీసి చదవండి, అన్నీ ఆన్‌లైన్‌లో దొరుకుతాయి.

పోలీసుల్లేరు, అమీనా లేడు. దీన్ని చట్టమని ఎలా అంటారు?

మన సివిల్ కోర్టులో డిక్రీ వచ్చాక అవతలివాడు డబ్బు కట్టకపోతే ఈపీ, అంటే డిక్రీ అమలు చేయించమనే పిటిషన్, వేస్తాం. కోర్టు ఉద్యోగి అమీనా వెళ్లి ఆస్తి జప్తు చేస్తాడు, గొడవైతే పోలీసుల్ని వెంట తీసుకెళ్తాడు. హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానంలో గెలిచినవాడికి ఈ సౌకర్యం లేదు. ఐక్యరాజ్య సమితి చార్టర్ 94వ అధికరణం ప్రకారం భద్రతా మండలికి వెళ్లొచ్చు, కానీ అక్కడ ఐదు దేశాల చేతిలో వీటో ఉంది. 1986లో నికరాగ్వా అమెరికా మీద కేసు గెలిచింది. తీర్పు అమలు చేయించమని మండలికి వెళ్తే అమెరికా వీటో కొట్టింది, అంతే సంగతులు.

అయినా చట్టమే అంటాను. పాతకాలం ఊళ్లలో రచ్చబండ తీర్పులకు పోలీసులు ఉన్నారా? ఇద్దరూ ఒప్పుకుని కూర్చుంటేనే పంచాయతీ. కూర్చున్నాక తీర్పు కాదన్నవాడికి మర్నాటి నుంచి ఊళ్లో అప్పు పుట్టదు. దేశాలదీ దాదాపు అదే లెక్క. బంగాళాఖాతంలో మనకూ బంగ్లాదేశ్‌కూ సరిహద్దు గొడవ ఉంటే 2014 జూలై 7న మధ్యవర్తుల ట్రిబ్యునల్ తీర్పు ఇచ్చింది. వివాదంలో ఉన్న 25,602 చదరపు కిలోమీటర్లలో 19,467 బంగ్లాదేశ్‌కు పోయాయి. మన నౌకాదళం ముందు వాళ్లదెంత? కావాలంటే కాదనొచ్చు. మనం అనలేదు, ఒప్పుకున్నాం. దయతో కాదు, గీత తేలితే ఇద్దరూ గ్యాస్ బ్లాకులు వేలం వేసుకోవచ్చు, పైగా రేపు ఇంకొకరి మీద మనం గెలిచినప్పుడు మాట చెల్లుతుంది. 2016 జూలై 12న దక్షిణ చైనా సముద్రం కేసులో ఫిలిప్పీన్స్ గెలిస్తే చైనా ఆ తీర్పు చెల్లదని పక్కకు నెట్టేసింది. కానీ పక్కనున్న దేశాలు అప్పటినుంచి చైనాతో మాట్లాడేటప్పుడల్లా ఆ తీర్పునే ముందు పెడుతున్నాయి.

ఇక్కడ ఒక్కటి పట్టుకోండి, కింద రాసినదంతా దాని మీదే నడుస్తుంది. అంతర్జాతీయ గొడవ ఏదైనా సరే, మొదట అడగాల్సింది "ఎవరిది న్యాయం" అని కాదు, "ఎవరు, ఏ కాగితం మీద, ఏ మినహాయింపుతో సంతకం పెట్టారు" అని. న్యాయం సంగతి ఆ తర్వాతే.

ఐసీజే, ఐసీసీ రెండూ ఒకటే కదా?

కాదు. రెండూ హేగ్‌లోనే ఉండటంతో వచ్చిన తంటా ఇది. ఐసీజే అంటే అంతర్జాతీయ న్యాయస్థానం, ఐక్యరాజ్య సమితిలో భాగం. అక్కడ దేశం మీద దేశమే కేసు వేయాలి. 15 మంది జడ్జీలు, తొమ్మిదేళ్ల పదవీకాలం, మన దల్వీర్ భండారీ 2012 నుంచి ఉన్నారు. ఐసీసీ అంటే అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు. 1998 నాటి రోమ్ శాసనంతో పుట్టి 2002 జూలై నుంచి పనిచేస్తోంది, అక్కడ ముద్దాయిలు మనుషులే, దేశాలు కాదు. ఇండియా, అమెరికా, చైనా, రష్యా దానిలో సభ్యులు కావు. పైన చెప్పిన బంగ్లాదేశ్, ఫిలిప్పీన్స్ కేసులు ఈ రెంటిలో దేనివీ కావు. సముద్ర చట్టం ఒప్పందం కింద ఆ కేసు కోసమే కూర్చిన ట్రిబ్యునళ్లవి. న్యూస్ చానళ్లు అన్నిటినీ కలిపి "అంతర్జాతీయ కోర్టు షాక్" అని వేస్తాయి, ఆ షాక్ ఏ బిల్డింగులో తగిలిందో చెప్పవు.

పుతిన్ మీద వారెంటు ఉందిగా, 2025 డిసెంబరులో ఢిల్లీ వస్తే ఎందుకు పట్టుకోలేదు?

ఐసీసీ 2023 మార్చి 17న వారెంటు ఇచ్చిన మాట నిజమే. మనం ఆ శాసనం మీద సంతకం పెట్టలేదు, కాబట్టి పట్టుకోవాల్సిన పని మనకు లేదు. సంతకం పెట్టిన మంగోలియాకు ఆయన 2024 సెప్టెంబరులో వెళ్లాడు, అక్కడా పట్టుకోలేదు, తప్పు చేశారని కోర్టు తేల్చింది, మంగోలియాకు ఊడిందేమీ లేదు.

అలాగని ఆ వారెంటు చిత్తుకాగితమూ కాదు. ఫిలిప్పీన్స్ మాజీ అధ్యక్షుడు దుతెర్తె తానే తన దేశాన్ని ఐసీసీ నుంచి బయటికి తెచ్చాడు, 2019లో. ఆయన మీద వారెంటు వచ్చాక 2025 మార్చి 11న మనీలా విమానాశ్రయంలో ఆయన దేశం పోలీసులే పట్టుకుని హేగ్ విమానం ఎక్కించారు. ఇంట్లో గాలి మారిన రోజు ఆ కాగితానికి కాళ్లు వస్తాయి. నెతన్యాహు వారెంటు (2024 నవంబరు 21) విషయంలోనూ నేను చూసేది అదే, ఇవాళ ఎవరు పట్టుకుంటారని కాదు.

కచ్చతీవును ఇందిరమ్మ దానం చేసేసింది కదా, ఇప్పుడు వెనక్కి తీసుకోలేమా?

చెన్నైలో ఎన్నికలు వచ్చిన ప్రతిసారీ నా ఫోన్ మోగేది దీనికే, కాబట్టి కొంచెం నిదానంగా చెప్తాను.

రామేశ్వరానికీ శ్రీలంకకూ మధ్య పాక్ జలసంధిలో ఉన్న ఈ దీవి చిన్నది, సుమారు 285 ఎకరాలు. తాగే నీళ్లు లేవు, కాపురాలు లేవు, సెయింట్ ఆంథోనీ చర్చి ఉంది. ఏటా ఫిబ్రవరి, మార్చిలో వచ్చే ఉత్సవానికి రామేశ్వరం నుంచీ జాఫ్నా వైపు నుంచీ జనం పడవల్లో వస్తారు, మనవాళ్లకు వీసా అక్కర్లేదు. పాతకాలంలో రామనాథపురం జమీందారీది అని మన వాదన, కాదు మాదే అని సిలోన్ వాదన. ఈ తగవు బ్రిటిష్ వాళ్ల రోజుల్లోనే, 1921 నుంచే ఉంది. 1974 జూన్‌లో ఇందిరా గాంధీ, సిరిమావో బండారనాయకె సంతకాలు పెట్టిన ఒప్పందంలో గీత దీవికి పడమరగా పోయింది, అంటే దీవి అటు పడింది.

ఇక దానమా కాదా? 1960 నాటి బేరుబారి వ్యవహారంలో (బెంగాల్‌లోని ఆ ప్రాంతంలో కొంత పాకిస్తాన్‌కు ఇచ్చే గొడవ) సుప్రీంకోర్టు చెప్పింది, దేశ భూభాగం ఇంకొకరికి ఇవ్వాలంటే రాజ్యాంగ సవరణ కావాలని. జయలలిత 2008లో సుప్రీంకోర్టుకు వెళ్లింది ఈ పాయింటు మీదే, తర్వాత 2013లో కరుణానిధి కూడా వెళ్లారు. కేంద్రం జవాబు ఏ పార్టీ ఉన్నా ఒకటే: "అది తేలని దీవి, మాదని ఖాయమైన భూమి కాదు, కాబట్టి ఇచ్చిందేమీ లేదు, గీత గీసుకున్నాం అంతే." 2014లో అయితే అటార్నీ జనరల్ సుప్రీంకోర్టులో వెనక్కి కావాలంటే యుద్ధం చేయాల్సిందే అన్నట్టు మాట్లాడారు. 2025 ఏప్రిల్ 2న తమిళనాడు అసెంబ్లీ మళ్లీ తీర్మానం చేసింది.

నా మటుకు నాకు జయలలిత వాదనలో పస ఉంది, కనీసం ఇంటి లోపలి చట్టం వరకు. ఎందుకంటే బంగ్లాదేశ్‌తో ఎన్‌క్లేవ్‌లు (చుట్టూ అవతలి దేశం నేల ఉన్న ముక్కలు) మార్చుకునేటప్పుడు 2015లో నూరో రాజ్యాంగ సవరణ చేసి మరీ మార్చుకున్నాం. అక్కడ కావలసింది ఇక్కడ ఎందుకు అక్కర్లేకపోయింది? కానీ ఈ వాదన మన కోర్టులో గెలిచినా కొలంబోకు అంటదు. మీ రాజ్యాంగంలో మీరు పాటించని పద్ధతి మీ తలనొప్పి, సంతకం పెట్టిన ప్రధాని సంతకం చెల్లుతుంది అంటారు వాళ్లు, అంతర్జాతీయ చట్టం చాలావరకు వాళ్ల పక్కనే ఉంటుంది. పరిస్థితులు మారాయని ఒప్పందం రద్దు చేసుకునే సూత్రం ఒకటుంది గాని, సరిహద్దు ఒప్పందాలకు అది వర్తించదని, ఒప్పందాల చట్టం మీద 1969 నాటి వియన్నా ఒప్పందంలో స్పష్టంగా రాసి ఉంది.

మిగిలింది బేరం. తీన్‌బిఘా అనే చిన్న ముక్కను మనం బంగ్లాదేశ్‌కు శాశ్వత లీజుకు ఇచ్చాం, 1992లో తెరిచాం. అలాంటి లీజు కచ్చతీవుకు ఎందుకు అడగకూడదు అనేవాళ్లున్నారు. అడగొచ్చు. బదులుగా ఏమిస్తావని వాళ్లు అడిగినప్పుడు జవాబు ఉండాలి.

దీవి వస్తే జాలర్ల సమస్య తీరుతుందా?

తీరదు. ఇది చెప్తే తమిళ మిత్రులకు కోపం వస్తుంది, అయినా చెప్పాలి. చేపల హక్కు పోయింది 1974 ఒప్పందంలో కాదు, 1976లో. ఆ ఏడాది మార్చి 23న మన్నార్ సింధుశాఖ, బంగాళాఖాతం గీతలు గీసుకుంటూ రెండు దేశాల విదేశాంగ కార్యదర్శులు ఉత్తరాలు మార్చుకున్నారు: మీవాళ్లు మా నీళ్లలో, మావాళ్లు మీ నీళ్లలో చేపలు పట్టకూడదు అని. కన్యాకుమారి కింద చేపలు దండిగా ఉండే వాడ్జ్ బ్యాంక్ మనకు వచ్చింది ఆ బేరంలోనే, ఆ సంగతి మీటింగుల్లో ఎవరూ ఎత్తరు. 1974 ఒప్పందం అయిదో అధికరణం మన జాలర్లు, యాత్రికులు "ఇదివరకటిలాగే" దీవికి వెళ్లొచ్చు అంటుంది. వలలు ఆరబెట్టుకోవడానికి, సేద తీరడానికే అని శ్రీలంక అర్థం చెప్పుకుంటుంది.

అసలు చేపలు ఉన్నది దీవి చుట్టూ కాదు, ఇంకా అవతల, జాఫ్నా తీరం దగ్గర.

జీపీఎస్ ఉందిగా, గీత ఎక్కడుందో తెలియదా? ఎందుకు దాటుతారు?

తెలుసు. బోటు క్యాబిన్‌లో చిన్న తెర మీద గీత కనిపిస్తూనే ఉంటుంది, బోటు నడిపే సరంగుకు ఆ తెర చూడకపోయినా ఎంత దూరం వచ్చాడో తెలుస్తుంది. దాటేది దారి తప్పి కాదు. ఇటు పక్క చేప తగ్గిపోయింది. పాక్ జలసంధి లోతు తక్కువ, పెద్ద ట్రాలర్లు అడుగు దాకా వల ఈడ్చుకుంటూ పోతే గుడ్లు, పిల్లలు, గడ్డి అన్నీ ఊడ్చుకొస్తాయి. 1983 నుంచి 2009 దాకా శ్రీలంకలో అంతర్యుద్ధం నడిచినన్నాళ్లు జాఫ్నా జాలర్లను సముద్రంలోకి సరిగ్గా పోనివ్వలేదు, ఆ నీళ్లలో మన ట్రాలర్లు మేశాయి. యుద్ధం అయిపోయి వాళ్లు చిన్న చిన్న పడవలతో తిరిగొచ్చేసరికి వీళ్ల ట్రాలర్లు వాళ్ల వలలు కోసేస్తున్నాయి. అటు ఉన్నది కూడా తమిళులే. శ్రీలంక 2017లో అడుగు ట్రాలింగ్‌ను నిషేధించింది, 2018లో విదేశీ బోట్ల మీద జరిమానాలు బాగా పెంచింది. ట్రాలర్లు వదిలి లోతు సముద్రం ట్యూనా బోట్లకు మారమని 2017లో మన ప్రభుత్వాలు సబ్సిడీ స్కీము పెట్టాయి గాని, అప్పు చేసి కొన్న ట్రాలర్‌ను వదులుకోవడం చెప్పినంత తేలిక కాదు.

ఇందులో ఎవరి పక్క మాట్లాడాలో తేల్చుకోలేకపోతే నెల్లూరు జిల్లా తీరానికి వెళ్లి అడగండి. కడలూరు వైపు పెద్ద బోట్లు వచ్చి తమ వలలు పాడుచేశాయని మనవాళ్లు బోట్లు పట్టి ఉంచిన సందర్భాలున్నాయి. అక్కడ తిట్టే తిట్లే జాఫ్నాలో కూడా, భాష వేరు.

పట్టుకున్నవాళ్లను జైల్లో పెట్టొచ్చా? పెట్టకూడదని సముద్ర చట్టంలో ఉందటగా?

ఉంది, కానీ సగం చదివి చెప్తున్నారు. ఐక్యరాజ్య సమితి సముద్ర చట్టం ఒప్పందం 73వ అధికరణం: ప్రత్యేక ఆర్థిక మండలిలో చేపల చట్టం ఉల్లంఘించినవాళ్లకు, రెండు దేశాలు వేరుగా ఒప్పుకుని ఉంటే తప్ప, జైలు శిక్ష వేయకూడదు, తగిన బాండు కడితే బోటునూ మనుషుల్నీ వెంటనే వదలాలి. ప్రత్యేక ఆర్థిక మండలి అంటే తీరం నుంచి 200 నాటికల్ మైళ్ల దాకా. కానీ తీరం నుంచి 12 మైళ్ల లోపల ఉన్నవి ప్రాదేశిక జలాలు, అక్కడ ఈ రక్షణ లేదు. పాక్ జలసంధి ఎంత ఇరుకో మ్యాపులో చూడండి. పైగా 1974 ఒప్పందం పేరే "చారిత్రక జలాల" సరిహద్దు ఒప్పందం, అంటే సొంత ఇంటి నీళ్ల కింద లెక్క. అందువల్ల మన్నార్, జాఫ్నా మేజిస్ట్రేట్ల ముందు 73వ అధికరణం ఎత్తితే పెద్దగా పనిచేయదు.

అక్కడ మామూలుగా జరిగేది ఇది: మొదటిసారి దొరికినవాడికి శిక్ష వేసి దాన్ని సస్పెండు చేసి పంపేస్తారు, రెండోసారి దొరికితే నిజంగానే లోపల వేస్తారు. బోటు మాత్రం రాదు, యజమాని స్వయంగా వెళ్లి కోర్టులో నిలబడాలి, చాలాసార్లు అప్పటికీ రాదు. కూలీ మనిషి ఇంటికొస్తాడు, అప్పు కట్టాల్సిన బోటు అక్కడి రేవులో తుప్పు పడుతుంది. కాల్పులు, కొట్టడం సంగతి పూర్తిగా వేరు. చేపల దొంగతనం మీద ప్రాణం తీసే హక్కు ఏ ఒప్పందమూ ఇవ్వదు, అక్కడ మన ప్రభుత్వం ఎంత గట్టిగా మాట్లాడినా తప్పులేదు.

అయితే శ్రీలంక మీద ఐసీజేలో కేసు వేసేయొచ్చుగా?

వేయలేం, కారణం మనమే. ఐసీజే అధికారాన్ని ఒప్పుకుంటూ దేశాలు డిక్లరేషన్లు ఇస్తాయి. మనది 2019 సెప్టెంబరులో కొత్తగా రాశాం, పాతది 1974 నాటిది. రెంటిలోనూ ఒక మినహాయింపు: కామన్వెల్త్ దేశాలతో గొడవలు ఈ కోర్టుకు రావు. ఇది పాకిస్తాన్‌ను దృష్టిలో పెట్టుకుని కట్టిన గోడ, శ్రీలంక కూడా దాని అవతలే పడింది. ఆ గోడ మనకు ఒకసారి పనికొచ్చింది. 1999 ఆగస్టులో మనం పాకిస్తాన్ నేవీ 'అట్లాంటిక్' రకం విమానాన్ని కూల్చినప్పుడు వాళ్లు హేగ్‌కు పోతే, 2000 జూన్‌లో కోర్టు 14-2తో "మాకు అధికారం లేదు" అని పంపేసింది.

"మరి గూఢచారి అని పాకిస్తాన్ మరణశిక్ష వేసిన కులభూషణ్ జాదవ్ కేసులో పాకిస్తాన్ మీద ఎలా వెళ్లాం?" అని తెలివైనవాళ్లు వెంటనే అడుగుతారు. వేరే తలుపు నుంచి. కాన్సులర్ సంబంధాల మీద 1963 నాటి వియన్నా ఒప్పందానికి ఒక అదనపు ప్రొటోకాల్ ఉంది, దాని మీద రెండు దేశాలూ సంతకం పెట్టాయి, ఆ ఒప్పందం గొడవలు నేరుగా ఐసీజేకు పోతాయి. అందుకే 2019 జూలై 17 తీర్పులో మనం 15-1తో గెలిచింది కాన్సులర్ యాక్సెస్ (మన దౌత్యాధికారులు ఖైదీని కలిసే అవకాశం) ఇవ్వలేదన్న పాయింటు మీదే. విడుదల చేయమని కోర్టు అనలేదు, శిక్షను మళ్లీ సమీక్షించమంది. హరీష్ సాల్వే రూపాయి ఫీజు సంగతి అందరికీ గుర్తుంది, ఈ సంగతి మటుకు గుర్తులేదు.

మన శ్రీకాకుళం జాలర్లు పాకిస్తాన్ జైల్లో పడ్డారు కదా, వాళ్లదీ ఇదే గొడవా?

దాదాపు అదే. అక్కడ గుజరాత్, సింధ్ మధ్య సర్ క్రీక్ దగ్గర సముద్రంలో గీతే తేలలేదు. గుజరాత్‌లోని వెరావల్ బోట్లలో పనికి వెళ్లిన ఉత్తరాంధ్రవాళ్లను 2018 నవంబరులో పాకిస్తాన్ పట్టుకుంది, 2020 జనవరిలో 20 మంది వాఘా దగ్గర గేటు దాటి వచ్చారు. 2008 ఒప్పందం ప్రకారం రెండు దేశాలూ ఏటా జనవరి 1న, జూలై 1న ఖైదీల, జాలర్ల జాబితాలు మార్చుకుంటాయి. యుద్ధ వాతావరణంలో కూడా ఆ జాబితాలు ఆగవు. మీకు తెలిసినవాళ్లెవరైనా ఇరుక్కుంటే మొదట చేయాల్సింది ఆ పేరు జాబితాలో ఉందో లేదో కనుక్కోవడం, లేకపోతే జిల్లా మత్స్యశాఖ ద్వారా విదేశాంగ శాఖకు రాతపూర్వకంగా ఇవ్వడం. ఆధార్, ఫొటో, బోటు రిజిస్ట్రేషన్ నంబరు, ఇంటి అడ్రసు, నాలుగూ ఉండాలి. ఫోన్ మాటలతో పని జరగదు.

సింధు జలాల ఒప్పందాన్ని మనం ఆపేయొచ్చా?

చెన్నైలో కొళాయి తిప్పేవాడికి నీళ్ల ఒప్పందం అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. 1983లో ఎన్టీఆర్, ఎంజీఆర్ కాలంలో కుదిరిన తెలుగుగంగ ఒప్పందంతో కృష్ణా నీళ్లు కండలేరు మీదుగా పూండికి వస్తాయి. ఏడాదికి 12 టీఎంసీలు అని కాగితం, అన్నేళ్లూ అంత రాదు, అప్పుడు రాష్ట్రాలు ఉత్తరాలు రాసుకుంటాయి, మరీ ముదిరితే పైన సుప్రీంకోర్టు ఉంది. సింధుకు పైన ఎవరూ లేరు.

1960 ఒప్పందంలో రావి, బియాస్, సట్లెజ్ మనవి, సింధు, జీలం, చీనాబ్ పాకిస్తాన్‌వి, వాటి మీద మనం పరిమితంగా కరెంటు ప్రాజెక్టులు కట్టుకోవచ్చు. పహల్గాం దాడి తర్వాత 2025 ఏప్రిల్ 23న దాన్ని పక్కన పెడుతున్నట్టు ప్రకటించాం. చిక్కు ఏమిటంటే ఒప్పందంలో పక్కన పెట్టే క్లాజు లేదు, ఇద్దరూ కలిసి ఇంకో ఒప్పందం రాసుకునేదాకా ఇది నడుస్తుందని 12వ అధికరణం. కిషన్‌గంగ, రట్లే ప్రాజెక్టుల మీద పాకిస్తాన్ అడిగి వేయించుకున్న మధ్యవర్తిత్వ కోర్టు 2025 జూన్ 27న "మీరు పక్కన పెట్టినా మా విచారణ ఆగదు" అంది, ఆగస్టులో ఇంకో తీర్పు ఇచ్చింది. ఆ కోర్టు ఏర్పాటే ఒప్పందానికి విరుద్ధమని మన వాదన కాబట్టి అసలు హాజరు కాలేదు, తీర్పులనూ తోసిపుచ్చాం.

అవతలివాడు టెర్రరిజం ఎగదోస్తూ ఉంటే నేను మాత్రం ఒప్పందం ఎందుకు మోయాలి అనే మన మాటకు రాజకీయంగా బలం ఉంది. చట్టపరంగా దాన్ని నిలబెట్టడం కష్టమైన పని, ఒప్పుకోవాలి. ఇంకో చిన్న సంగతి, పక్కన పెట్టినంత మాత్రాన నీళ్లు ఆగవు. ఆపాలంటే రిజర్వాయర్లు ఉండాలి, అవి కట్టడానికి ఏళ్లు పడుతుంది.

గాజాలో ఇజ్రాయెల్ జెనోసైడ్ (జాతి నిర్మూలన) చేసిందని ఐసీజే చెప్పిందా లేదా?

చెప్పలేదు, చేయలేదనీ చెప్పలేదు. దక్షిణాఫ్రికా 2023 డిసెంబరు 29న కేసు వేసింది, 2024 జనవరి 26న మధ్యంతర ఉత్తర్వులు వచ్చాయి, మే 24న రఫా దాడి ఆపమని ఇంకోటి. మన దగ్గర స్టే వచ్చినంత మాత్రాన దావా గెలిచినట్టు కాదు కదా. ఇలాంటిదే మయన్మార్ మీద గాంబియా 2019లో వేసిన కేసు, దానిలో అసలు వాదనలు 2026 జనవరిలో విన్నారు. వేగం అంచనా వేసుకోండి.

ఎక్కడో ఆఫ్రికాలో ఉన్న గాంబియాకు మయన్మార్‌తో ఏం పని అంటే, 1948 జెనోసైడ్ ఒప్పందం తొమ్మిదో అధికరణం. సంతకం పెట్టిన ఏ దేశమైనా ఇంకో దేశాన్ని కోర్టుకు ఈడ్చొచ్చు. మనం 1959లో చేరేటప్పుడే ఆ అధికరణానికి "మా అనుమతి ఉంటేనే" అని మినహాయింపు రాసుకున్నాం. ఢిల్లీలో ఆనాటి లాయర్లు ఎంత జాగ్రత్తపరులో చూడండి.

ఒక దేశం ఇంకో దేశం మీద బాంబులు వేసి "ఆత్మరక్షణ" అంటే సరిపోతుందా?

ఐక్యరాజ్య సమితి చార్టర్ 2(4) అధికరణం బలప్రయోగం వద్దంటుంది, 51వ అధికరణం సాయుధ దాడి జరిగితే ఆత్మరక్షణ చేసుకోవచ్చంటుంది. గొడవంతా ఈ రెంటి మధ్య. 2025 జూన్‌లో ఇరాన్ మీద ఇజ్రాయెల్, తర్వాత అమెరికా దాడి చేసినప్పుడు, ఇంకా జరగని దాడికి ముందే కొట్టొచ్చా అన్నది ప్రశ్న. ఎక్కువమంది చట్టం తెలిసినవాళ్లు కొట్టకూడదంటారు, నేనూ అంతే. అదే ఏడాది మే 7న ఆపరేషన్ సిందూర్‌లో ప్రశ్న వేరు: దాడి చేసింది సైన్యం కాదు, టెర్రరిస్టు ముఠా. వాళ్లకు చోటిచ్చిన దేశం లోపల కొట్టొచ్చా? దీని మీద చట్టం ఇంకా గట్టిపడలేదు, దేశాలు చేసేదాన్ని బట్టే మారుతోంది. మనకు నచ్చిన సూత్రాన్ని రేపు మన పక్కవాడు కూడా వాడతాడని గుర్తుంచుకుంటే చాలు.

ఇవన్నీ పెద్దవాళ్ల గొడవలు. చెన్నైలో డబ్బు పోయిన కేసు ఏదైనా ఉందా?

ఉంది, చెన్నై పక్కన ఒరగడంలోని నిస్సాన్ కార్ల ఫ్యాక్టరీది. తమిళనాడు ప్రభుత్వం ఇస్తానన్న రాయితీల డబ్బు బాకీ పడిందని నిస్సాన్ 2017లో ఇండియా మీద అంతర్జాతీయ మధ్యవర్తిత్వానికి వెళ్లింది, అడిగింది సుమారు 5,000 కోట్లు. బాకీ రాష్ట్రానిది, ముద్దాయి ఢిల్లీ, ఎందుకంటే జపాన్‌తో ఒప్పందం మీద సంతకం ఢిల్లీది. 2020లో రాజీ అయింది.

డబ్బు కేసుల్లోనే ఈ చట్టానికి కోరలు కనిపిస్తాయి. 1958 న్యూయార్క్ ఒప్పందం వల్ల ఒకచోట వచ్చిన మధ్యవర్తిత్వ తీర్పును ఇంకో దేశం కోర్టులో అమలు చేయించుకోవచ్చు. ఈపీ ఎక్కడ వేయాలి అంటే, ఇదిగో, ఆస్తి ఎక్కడుంటే అక్కడ. వెనకటి తేదీ నుంచి పన్ను వేసిన కేసులో బ్రిటిష్ చమురు కంపెనీ కెయిర్న్ 2020 డిసెంబరులో మన మీద 120 కోట్ల డాలర్ల తీర్పు తెచ్చుకుని, 2021 జూలైలో పారిస్‌లో మన ప్రభుత్వ ఆస్తుల మీద జప్తు ఆర్డరు సంపాదించింది. ఆగస్టులో పార్లమెంటు ఆ పన్ను చట్టాన్నే వెనక్కి తీసుకుంది. హేగ్ తీర్పులకు అంత చురుకు నేనెప్పుడూ చూడలేదు.

ఇక్కడ మా హైకోర్టులోనూ ఒక ముచ్చట ఉంది. 2017 అడ్మిరాల్టీ చట్టం కింద, విదేశీ ఓడ డబ్బు ఎగ్గొట్టి చెన్నై, ఎన్నూరు రేవులకు వస్తే ఓడనే అరెస్టు చేయించొచ్చు. కంపెనీ పనామాలో ఉండనీ, ఓనరు గ్రీసులో ఉండనీ, వారెంటు ఓడకు అంటిస్తారు, పోర్టువాళ్లు బయటికి పోనివ్వరు. పది నెలలుగా ఈమెయిల్‌కు జవాబివ్వని ఓనరు లాయరు సాయంత్రంలోగా ఫోన్ చేస్తాడు.

నెల్లూరు వెళ్లే దారిలో గుమ్మిడిపూండి దగ్గర శ్రీలంక శరణార్థుల క్యాంపు ఉంది. నలభై ఏళ్లయినా వాళ్లకు పౌరసత్వం ఎందుకు రాలేదు?

1951 శరణార్థుల ఒప్పందం మీద ఇండియా సంతకం పెట్టలేదు. మన చట్టంలో శరణార్థి అనే హోదా లేదు, వాళ్లు విదేశీయులు. తమిళనాడులో వందకు పైగా క్యాంపులు, వాటిలో సుమారు 58 వేల మంది, చాలామంది ఇక్కడే పుట్టినవాళ్లు. 2019 పౌరసత్వ సవరణలో శ్రీలంక లేదు. 2025 మేలో ఒక శ్రీలంక తమిళుడి కేసులో సుప్రీంకోర్టు ఇండియా ధర్మసత్రం కాదంది. అదే ఏడాది సెప్టెంబరులో కేంద్రం మటుకు 2015 జనవరి 9 లోపు వచ్చి రిజిస్టరు చేసుకున్న శ్రీలంక తమిళులకు, కాగితాల్లేవని వేసే శిక్షల నుంచి మినహాయింపు ఇచ్చింది. శిక్ష లేదు, పౌరసత్వమూ లేదు. చంపేస్తారని తెలిసిన చోటికి మనిషిని తిప్పి పంపకూడదన్న నియమం ఒప్పందంలో చేరనివాళ్లకూ వర్తిస్తుందని చాలామంది వాదిస్తారు, ఢిల్లీ పూర్తిగా ఒప్పుకోదు గాని చాలావరకు పాటించింది.

వాతావరణ మార్పు మీద ఐసీజే తీర్పు మనకు అంటుతుందా?

2025 జూలై 23న ఇచ్చింది తీర్పు కాదు, సలహా అభిప్రాయం. కట్టుబడాల్సిన పని లేదు. కానీ జడ్జీలందరూ ఏకగ్రీవంగా, వాతావరణాన్ని కాపాడటం దేశాల చట్టపరమైన బాధ్యత అన్నారు. దీన్ని మొదలుపెట్టింది పసిఫిక్ దీవుల లా స్టూడెంట్లు, ముందు నడిపింది వనువాటు అనే చిన్న దేశం. ఇకమీదట మన కోర్టుల్లో పర్యావరణ పిటిషన్లన్నిటిలో ఇది అతికించి వస్తుంది, చూస్తుండండి.

మా అమ్మాయి ఇంటర్నేషనల్ లా చదువుతానంటోంది బాబూ, తిండి పెడుతుందా?

పిన్నిగారూ, మనవాళ్లు అక్కడ లేకపోలేదు. హాంబర్గ్‌లో సముద్ర చట్టం ట్రిబ్యునల్ 1996లో మొదలైనప్పుడు మొదటి జడ్జీల్లో ఒకరు కృష్ణా జిల్లాలో పుట్టిన పి. చంద్రశేఖర రావుగారు, 1999 నుంచి 2002 దాకా ఆయనే దానికి అధ్యక్షులు. బంగ్లాదేశ్ కేసులో ట్రిబ్యునల్ మీద కూర్చున్న పెమ్మరాజు శ్రీనివాసరావుగారూ తెలుగువారే, మిగతా జడ్జీలతో కొన్నిచోట్ల విభేదించి వేరుగా రాశారు. వాళ్లిద్దరూ విదేశాంగ, న్యాయ శాఖల్లో ఏళ్ల తరబడి ఫైళ్లు చూసి అక్కడికి చేరినవాళ్లు.

హేగ్ ఉద్యోగాలు చాలా కొద్ది, వాటి కోసమే చదివితే టెన్షన్ తప్పదు. షిప్పింగ్, మధ్యవర్తిత్వం, టాక్స్ ఒప్పందాలు నేర్చుకుంటే చెన్నైలోనే పని దొరుకుతుంది. నల్సార్‌లోనో బెంగళూరు లా స్కూల్లోనో సీటు వస్తే మంచిదే, రాకపోయినా మూట్ కోర్టులు (విద్యార్థుల నమూనా వాదన పోటీలు) వదలొద్దని చెప్పండి. ఫ్రెంచి నేర్చుకోమనండి, ఐసీజేలో ఇంగ్లిషుతో పాటు అది అధికార భాష. ఆ తర్వాత ఒక ఏడాది ఎవరి దగ్గరైనా జూనియర్‌గా చేసి సివిల్ కోర్టులో వాయిదాలకు తిరగమనండి, ప్లెయింటు (దావా పత్రం) రాయడం రానివాళ్లకు మెమోరియల్ (హేగ్‌లో వేసే వాదన పత్రం) రాయడం రాదు. సెలవుల్లో మా ఆఫీసుకు పంపినా సరే, అడ్మిరాల్టీ ఫైళ్లు ఇస్తాను, స్టైపెండు మాత్రం బస్సు చార్జీలకు సరిపోయేంతే.